జెండా ఎగిరిన తరువాత



పాడుబడిన యెరూషలేము గోడలను నెహెమ్యా తిరిగి కట్టించాడు. పన్నెండేండ్లు అధిపతిగా ఉండికూడా, ప్రజల భారం చూచి, తనకు రావలసిన భత్యం ముట్టలేదు. అప్పులకింద పోయిన పేదల పొలాలను పెద్దలచేత తిరిగి ఇప్పించాడు (నెహెమ్యా 5). రాళ్లతో గోడ లేచింది, న్యాయంతో ప్రజ లేచింది.

తూర్పు తిమోరు అనే చిన్న కథోలిక దేశం ఈ పాఠాన్ని కన్నీళ్లతో నేర్చుకుంది. 1975లో ఇండోనేషియా సైన్యం దానిని ఆక్రమించింది. 1999 ఆగస్టు 30న జరిగిన ఓటింగులో నూటికి 78 మందికి పైగా స్వాతంత్ర్యం కోరారు. అందుకు శిక్షగా ఊళ్లు తగలబడ్డాయి. సువాయి దేవాలయంలో తలదాచుకున్న ప్రజలను, వారితో ఉన్న ముగ్గురు గురువులను చంపారు. పిమ్మట ఐక్యరాజ్యసమితి రెండున్నరేండ్లు పాలించి, 2002 మే 20న అధికారాన్ని ఆ ప్రజలకు అప్పగించింది.

జెండా ఎగిరింది. కాని ఇల్లు తగులబెట్టినవాడు, ఇల్లు కాలినవాడు ఒకే ఊరిలో ఎలా బ్రతకాలి? ఊరి నడుమ చాప పరచి పెద్దలు కూర్చున్నారు. తప్పు చేసినవాడు అందరియెదుట ఒప్పుకొని, క్షమాపణ వేడి, ఊరికి ఏదో ఒక మేలుపని చేసిపెట్టాడు. సత్య సంఘం ఆధ్వర్యాన 1300 మందికి పైగా ఇలా తమవారిలో మళ్లీ కలిశారు. హత్య, మానభంగం వంటి ఘోర నేరాలు మాత్రం న్యాయస్థానానికే విడిచారు. ఆ నేరాలు మోపబడినవారిలో అనేకులు సరిహద్దు అవతలే ఉండిపోయారు. ఆ గాయం ఇంకా మానలేదు.

2006లో సైన్యంలో వివక్ష ఉందన్న ఫిర్యాదు ముదిరి, తూర్పువారు, పడమటివారు అని సోదరులే చీలారు. లక్షకు పైగా జనం ఇళ్లు విడిచారు. పరాయివాడు వెళ్లినంతమాత్రాన రాజ్యం నిలువదు. పాలకుడు అందరివాడన్న నమ్మకం కావాలి.

అధికారం దేవునినుండి వచ్చినదని పౌలుగారి బోధ (రోమా 13:1). అంటే అది పాలకుని సొత్తు కాదు, లెక్క అప్పజెప్పవలసిన సొమ్ము. క్షమ కూడా న్యాయాన్ని కొట్టివేయదు. పాపసంకీర్తనంలో మనం చేసేదీ ఇదే గదా: పశ్చాత్తాపపడతాము, ఒప్పుకుంటాము, ప్రాయశ్చిత్తం చేస్తాము.

మీ ఇంట గట్టు తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములున్నారా? మీ విచారణలో రెండు వర్గాలున్నాయా? వచ్చే ఆదివారం పూజకు ముందే చాప పరచండి. తప్పు తనదని ఎరిగినవాడు ముందు మాట్లాడాలి. కానుకను పీఠం చెంత విడిచి, మొదట సోదరునితో సమాధానపడుమన్న ప్రభువు (మత్తయి 5:23-24) ఆ చాపమీద మీతో కూర్చుంటాడు.