నందినికి వెల

భిలాయి ఉక్కు కర్మాగారమునకు సున్నపురాయి సమకూర్చిన గనులు గల ఊరు నందిని. ఆ పేరు వినగానే వసిష్ఠుని హోమధేనువు మనకు స్ఫురించును. ఆ ధేనువును ఇద్దరు రాజులు కోరిరి. కోరిన తీరులు వేరు.

మహాభారతమున విశ్వామిత్రుడు ఆమెకు వెల కట్టెను. అర్బుద సంఖ్యలో గోవులను, తుదకు రాజ్యమునే ఇత్తుననెను. మహర్షి అంగీకరింపకపోగా బలాత్కారమునకు దిగెను. రఘువంశమున దిలీపుడు ఆమెను అడవిలో అనుసరించి, సింహము పట్టినపుడు తన దేహమును ఒడ్డెను. ఆమె ప్రసన్నురాలై పాలు త్రాగుమన్నను, దూడ త్రాగి, హోమమునకు వినియోగింపగా మిగిలినదే, అదియు గురువు అనుజ్ఞతో స్వీకరింతుననెను. దిలీపుడు విరాగి కాడు సుమా! సంతానము కోరి వచ్చిన గృహస్థుడు.

భిలాయి ప్రాంతమున స్థిరపడిన తెలుగువారిలో శ్రీకాకుళము వైపువారు అనేకులు. టెక్కలి చేరువనున్న తేలినీలాపురము వారెరిగినదే. ఏటేటా వర్షాకాలము ముగియు వేళకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అచటికి వచ్చి, ఇండ్ల నడుమనున్న చెట్లపై గూళ్లు కట్టుకొని పిల్లలను లేపును. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని ఊరివారు వానిని భావింతురు. వాసన భరింతురు, అరపులు భరింతురు. సైబీరియా పక్షులని అచటి వాడుక. పక్షిశాస్త్రజ్ఞులు మాత్రము ఇవి మన దేశపు పక్షులే యందురు. ఎక్కడివారైనను పురిటికి వచ్చినవారే కదా!

ఇక విశ్వామిత్రుని మార్గము చూడుడు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఐరోపా స్త్రీల టోపీల కొరకు తెల్లకొంగల ఈకలు బంగారముతో తూగు ధర పలికెను. ఆ సొగసైన ఈకలు కొంగకు వచ్చునది గూడు కట్టు కాలముననే. కనుక వేటకాడు తల్లిని చంపును. గూటిలోని పిల్లలు ఆకలితో చచ్చును. మన దేశమునుండి ఈకల ఎగుమతిని 1902లో నిషేధించిరి. కొనువారి దేశమైన బ్రిటనులో దిగుమతి నిషేధమునకు 1921లో గాని చట్టము రాలేదు.

పల్లెవారికి మాత్రము లాభము లేదా యని కొందరడుగుదురు. కలదు, దాచనేల? పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు ఎరువని పులికాటు చేరువనున్న నేలపట్టు రైతులెరుగుదురు. అయితే ఆ లాభము పక్షి బ్రతికి, పిల్లలను పెంచుకొని పోగా మిగిలినది. దిలీపుడు స్వీకరించిన పాలవంటిది. టోపీ వర్తకునికి కావలసినది తల్లి ప్రాణమే.

మిగిలినదానితో తృప్తిపడుట సులభమని నేననను. కర్ణాటకమున మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరులో పక్షులు గూళ్లు కట్టిన చింతచెట్ల కాపును యజమానులు వదలుకొందురు. అటవీశాఖవారు చెట్టుకింతయని కొంత పరిహారమిచ్చుట కలదు. అది వెల యగునా, అనుజ్ఞతో అందిన శేషమగునా యని నాకు చిరకాలము సందేహముండెను. పరిహారము లేని రోజులలోను ఆ చెట్లు దులపబడలేదని తెలిసిన పిమ్మట ఆ సందేహము విడిచితిని.