మీటింగుకు వెళ్లు నాన్నా

నాన్నా,

తాగుడు మాన్పించే సెంటర్ నుంచి ఇంటికొచ్చావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "గడప దాటనివ్వడం లేదక్కా, సెల్లు కూడా తీసి దాచాం" అంది. తల్లి కదా, దాని భయం దానిది. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు బెంగగా ఉంది. నాలుగు గోడల మధ్య ఒక్కడివే కూర్చుంటే సాయంత్రం ఆరయ్యేసరికి ప్రాణం ఎటు లాగుతుందో నీకు తెలుసు. మీ పెదనాన్నతో కాపురం చేసిన నాకూ తెలుసు.

మందు నీ ఒళ్లు గుల్ల చేసింది, అప్పులు తెచ్చింది. అవి అందరికీ కనపడ్డాయి. దాంతోపాటే అది నీకొక జట్టునీ ఇచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. పర్మిట్ రూములో నీకోసం కుర్చీ అట్టిపెట్టేవాళ్లు, నువ్వు రాకపోతే ఫోన్ చేసేవాళ్లు, నీ గోడు వినేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. అయితే వాళ్ల మధ్యే కూర్చుని సోడా తాగుతానంటే మాత్రం ఒప్పుకోను. ఆ కుర్చీ వదిలేశావు, మంచిదే. నీదంటూ ఇంకో చోటు దొరక్కపోతే కాళ్లు మళ్లీ అటే నడుస్తాయి.

నువ్వు అయ్యప్ప మాల వేసుకున్న ఏడు గుర్తు తెచ్చుకో. మండలం పాటు చుక్క ముట్టలేదు. దేవుడంటే భయం అన్నారు అందరూ. భయమూ ఉంది, కాదనను. కానీ నేను చూసింది వేరు. తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని పీఠానికి వెళితే అక్కడ నీలాంటివాళ్లే పదిమంది. ఆఫీసరైనా ఆటో డ్రైవరైనా అందరికీ ఒకటే పిలుపు, స్వామీ అని. సాయంత్రం భజన, అందరూ వరసగా కూర్చుని భిక్ష. గురుస్వామి ఒక కంట కనిపెడుతూనే ఉండేవాడు. శబరిమల నుంచి వచ్చి మాల తీసేశాక ఆ పదిమందీ ఎవరింటికి వాళ్లు పోయారు. నువ్వు ఒక్కడివే మిగిలావు. ఆ వారంలోనే సీసా మళ్లీ ఇంట్లోకొచ్చింది. దేవుడెక్కడికీ పోలేదు నాన్నా, మనుషులు చెదిరిపోయారు.

అందుకే చెబుతున్నా, ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకు వెళ్లు. మీ పెదనాన్న వెళ్లేవారు. ఇంటివాళ్లను కూడా రానిచ్చే రోజుల్లో నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చునేదాన్ని. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ, గోడకు సూత్రాలు రాసిన అట్టలు. అంతకుమించి హంగేమీ లేదు. ఒకాయన లేచి "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అంటాడు. మిగతావాళ్లు పేరు పెట్టి పలకరిస్తారు. ఇంటిపేరు అడగరు, కులం అడగరు. కూతురి ఫీజు డబ్బులు తాగేశానని ఆయన చెబుతుంటే ఎవరూ ముఖం చిట్లించరు, మధ్యలో సలహా చెప్పరు. ఆ గదిలో ఆ పని చేయనివాళ్లు తక్కువ. ఫీజు లేదు, చివర్లో తిరిగే సంచిలో తోచింది వేయొచ్చు, లేకపోతే లేదు. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. మీ పెదనాన్న నాకు ఏనాడూ చెప్పని మాటలు అక్కడ చెబుతుంటే విన్నాను.

ఆ సంఘం పుట్టిందే అలా. 1935లో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలోనే ఆక్రన్ అనే ఊరు వెళ్లాడు. అప్పటికి తాగుడు మాని కొన్ని నెలలే. వెళ్లిన పని చెడింది. హోటల్లో ఒక్కడే, పక్కనే బారు. ఆయన బారులోకి పోకుండా ఫోన్ అందుకుని, తనలాంటి తాగుబోతు ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని చర్చివాళ్లను వాకబు చేశాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. పావుగంట కంటే కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆ జూన్ 10న బాబ్ ఆఖరిసారి తాగాడు, ఆ తేదీనే సంఘం పుట్టినరోజంటారు. నేను దీంట్లో గట్టిగా పట్టుకున్నది ఒకటే. ఆ రోజు విల్సన్ బాబ్‌ను కలిసింది అతన్ని ఉద్ధరించడానికి కాదు, తనను తాను కాపాడుకోవడానికి. నువ్వూ ఆ గదిలో దయకు వెళ్లే మనిషివి కావు. నీ పక్కన కొత్తగా కూర్చున్నవాడికి నీ అవసరం ఉంటుంది.

మొదటిసారి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ గుంపు నచ్చకపోతే ఇంకో గుంపుకు వెళ్లు. ఎవరైనా ఒకాయన నంబరు తీసుకో. చెయ్యి వణికినప్పుడు కాదు, వణకకముందే ఫోన్ చెయ్యి.

డాక్టరిచ్చిన మందులు మాత్రం సొంతంగా ఆపకు. ఒకవేళ జారితే ఇంట్లో దాచుకోకు, మర్నాడే మీటింగులో చెప్పు. రోజూ తాగే స్థితికి మళ్లీ వస్తే మాత్రం మొండిగా ఒక్కసారే ఆపేయకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రికి వెళ్లు. ఎటూ తోచకపోతే 14446కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు. తాగుడు మాన్పించడానికిచ్చే డైసల్ఫిరామ్ బిళ్లలు నీకు తెలియకుండా కూరలో కలపొద్దని మీ అమ్మకు నేనే గట్టిగా చెప్పాను. ఆ బిళ్ల కడుపులో ఉండగా తాగితే ప్రమాదం.

మీ ఆవిడకూ మనుషులు కావాలి. ఇన్నేళ్లూ ఆ పిల్ల ఎవరి గడపా తొక్కలేదు, పరువు పోతుందని. తాగేవాళ్ల ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. విల్సన్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టింది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డది కూడా రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ ఒకరి గోడు ఒకరు విన్నాకే. ఆ ఊపు మీద 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, దాన్ని ఎత్తేశారు. చట్టాన్ని నమ్ముకుని కూర్చోలేం. ఆ పిల్లను ఆపకు, వెళ్లనివ్వు.

నీ సెల్లు తిరిగిచ్చేయమని మీ అమ్మకు చెప్పాను. ఈ వారంలో మీటింగు ఏ రోజో కనుక్కుని వెళ్లు. వెళ్లొచ్చాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

మీ పెద్దమ్మ