మొదటి దినపు బాధ్యత ఎవరిది?



పరాయి ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని చూచి మనము సాధారణముగా అనే మాట ఒకటున్నది: "నాలుగు రోజులు పోతే అలవాటు పడతాడులే." అలవాటు పడే భారమంతా వచ్చినవానిదేనా? ముందే స్థిరపడినవారికి ఆ మొదటి దినమున ఏ బాధ్యతా లేదా?

మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 1860 నవంబరు 16న 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. వారు నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారు. 1911 వరకు ఇట్టి ఓడలు వెళ్లాయి. ఆనాడు మద్రాసు రాష్ట్రములో ఉన్న మన గంజాం జిల్లా నుండి, విశాఖపట్నం జిల్లా నుండి కూడా ఎందరో వెళ్లారు. అక్కడ ప్రతి కూలీకి ఒక నెంబరు ఉండేది. రిజిస్టరులో పేరు, ఊరు వ్రాసుకొన్నారు గాని అది యజమాని లెక్క కొరకే. ఆ పట్టణములో వారిని పేరుపెట్టి పలుకరించేవారు కరవయ్యారు.

1903లో రెవ. జాన్ రంగయ్యగారు నెల్లూరు తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీ పక్షమున నేటాల్ చేరారు. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ టీ తోటల యొద్ద తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడింది. ఆయన కూడా ఆ దేశమునకు పరదేశియే. అయినను తనకంటె ముందు వచ్చిన పరదేశులకు కాపరి అయ్యారు. సంఘపు పుస్తకములో వ్రాసిన పేరును పిలిచేవారు యజమానులు కారు, సహోదరులు.

"మేము వచ్చినప్పుడు మాకెవరు సహాయము చేశారు?" అని కొందరు అడుగుతారు. నిజమే, వారు కష్టపడ్డారు. అయితే పరదేశిని బాధింపవద్దని దేవుడు ఆజ్ఞాపించినప్పుడు, ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పడిన బాధనే కారణముగా చూపాడు. మనము పడిన కష్టము ఇతరుల కష్టమును గుర్తెరుగుటకే గాని దాని లెక్క తీర్చుకొనుటకు కాదు.

"సహాయము చేస్తే సోమరులవుతారు" అని మరికొందరు అంటారు. బోయజు పొలములో రూతు గడిపిన మొదటి దినము చూడండి. ఆయన ఆమె చేత పరిగె ఏరుకొనుట మాన్పించలేదు. ఆమెను ముట్టవద్దని పనివారికి చెప్పాడు, దాహమైతే నీళ్లెక్కడ త్రాగవలెనో చూపాడు. కష్టపడుట ఆమె వంతు, ఆ పొలము ఆమెకు భయము లేని చోటుగా చేయుట ఆయన వంతు. నా ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికినదని తలంచుచున్నాను.

ఆంధ్ర సరిహద్దున ఉన్న మన గిరిసోలకు ఈ సంగతి బాగా తెలిసినదే. 2020 లాక్‌డౌన్ దినములలో దక్షిణాది రాష్ట్రముల నుండి తిరిగి వచ్చిన వేలాది శ్రామికులు ఈ దారినే ఒడిషాలో ప్రవేశించారు. అప్పుడు సొంత ఊరికి వచ్చినవారు సహితము పరాయివారైనారు.

కావున మన వీధిలోనికి పని కొరకు కొత్త కుటుంబము వచ్చినప్పుడు, ఆ దినముననే వెళ్లి పేరు అడుగుదము. మంచినీళ్ల కుళాయి, ఆసుపత్రి, బడి చూపుదము. మోసపోకుండ అద్దె ఎంతో, కూలి ఎంతో చెప్పుదము. వారు తెలుగువారా, ఒడియావారా, మన సంఘస్థులా అనునది తరువాతి మాట. రూతు మోయాబీయురాలని తెలిసియే బోయజు ఆమెతో మాట్లాడాడు.

ప్రభువు మన సంఘములకు అట్టి మనస్సు దయచేయును గాక.