వచ్చే దారి, పోయే దారి

ఒక ఊరు. ఊరి పైన కాకతీయుల నాటి గొలుసుకట్టులో ఒక చెరువు. ఆ చెరువుకు ఒక నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో, మత్తడి దుంకే రోజు కట్ట మీద ఎక్కడ కాపు కాయాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నలభై ఏండ్లు పార భుజాన వేసుకొని తిరిగిన మనిషి. ఊరంతా నీరటి తాత అనే పిలిచేది.

ఒక ఏడు వానలు దండిగా పడ్డాయి. నాట్లు పడి నెల దాటింది. ఒక కుర్ర రైతు పొద్దున్నే పరుగున వచ్చాడు.

“తాతా, నా మూలమడిల నీళ్లు నిలిచినయి. నిన్న పొద్దంతా మోటరు పెట్టి తోడిన. తెల్లారేసరికి మళ్లీ గంతే. నాటు కుళ్లుతున్నది. ఇంకో మోటరు తెస్తే తగ్గుతదా?”

తాత మాట్లాడకుండా పార అందుకున్నాడు. మడి దగ్గర ఆగనైనా ఆగలేదు. నీళ్లు ఎటు పోవాలో అటు నడిచాడు. నాలుగు మళ్ల అవతల మురుగు కాలువ నిండా గుర్రపు డెక్క అల్లుకొని ఉంది. ఇద్దరూ నడుం లోతు దిగి దాన్ని పీకి గట్టున వేశారు. చీకటి పడేసరికి మూలమడి దానంతట అదే తీసింది.

“నీళ్లు నిలిచిన కాడ తప్పుండది బిడ్డా,” అన్నాడు తాత చేతులు కడుక్కుంటూ. “వచ్చే దారిలనో, పోయే దారిలనో ఉంటది. తోడుకుంట కూసుంటే చెరువంతా తోడాలె. నీళ్ల ఎంట నడువు.”

పదిరోజులకు ఇంకొక ఇంటి నుంచి కబురు. కట్ట కింది చేను ఊరికే చెమ్మగిల్లుతోంది. తూము మూసే ఉంది, వాన లేదు. తాత కట్ట ఎక్కి, మట్టిని పిడికిట్లో తీసుకొని పిసికి చూశాడు. ఇసుకలా రాలిపోయింది.

“నీళ్లను పట్టి ఉంచేది కట్ట ఎత్తు కాదు, అండ్ల ఉన్న బంకమట్టి. మట్టి కొట్టుకపోయింది. ఇగ నీళ్లు ఆగుమంటే ఏడ ఆగుతయి?” అన్నాడు. రేగడి తెప్పించి ఆ చోటును దిమ్మిసతో కొట్టించాడు. ఊట ఆగింది.

మూడోసారి కాలువ చివరన రెండు వైపులా ఒకే తీరుగా మళ్లు మునిగాయి. “రెండు దిక్కులా ఒక్కతీరుగ మునిగినయంటే తప్పు ఈ మళ్లది కాదు, నడిమిట్ల ఉన్నదానిది,” అంటూ తాత చివరిదాకా వెళ్లాడు. అక్కడ నీళ్లను మెరకకు ఎత్తిపోసే మోటరు నీరసించి ఉంది. అది లాగలేని నీళ్లు వెనక్కి తన్ని రెండు గట్లూ ముంచాయి. మోటరును బాగుచేయించాక రెండు పక్కలా నీళ్లు తీశాయి.

ఆ ఏడు పంట చేతికొచ్చింది. ఊరు తాతను మెచ్చుకుంది.

దసరా నాటికి ఊళ్లో ఇంకో మాట మొదలైంది. “నీరటి తాత ఒళ్లు చేసిండు. ఈ వయసుల గూడ మంచి కళ వచ్చింది.” తాతకూ ఆ మాట తీపిగానే ఉంది. మొలతాడు బిగుసుకొని నడుముకు గాటు పడితే, వదులు చేసి కట్టుకున్నాడు. సాయంత్రానికి చెప్పుల్లో పాదాలు పట్టకపోతే, చెప్పులు చేత పట్టుకొని ఇంటికి వచ్చాడు.

ఇంట్లో అవ్వకు మాత్రం ఆ కళ కనిపించలేదు. పక్క మీద వెల్లకిలా పడుకోలేక మనిషి గోడకు ఒరిగి నిద్రపోతున్నాడు. నడిరాత్రి దిగ్గున లేచి, వాకిట్లోకి పోయి గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. ఒక్క దమ్మున ఎక్కే కట్టను మూడుసార్లు ఆగి ఎక్కుతున్నాడు.

“ఏమయ్యా, దవఖానకు పోదాం,” అంది.

“కట్ట మీద తిరిగే కాళ్లు, గట్లనే ఉబ్బుతయి,” అన్నాడు తాత. ఊరి డాక్టరు దగ్గర నీరు తీసే మాత్ర తెచ్చుకున్నాడు. మూడు రోజుల్లో వాపు దిగింది. మాత్ర మానేశాడు. వారంలో వాపు మళ్లీ వచ్చింది, ఈసారి మోకాళ్లదాకా. మళ్లీ మాత్ర, మళ్లీ వాపు.

యాసంగికి నీళ్లు ఎప్పుడు వదులుతావని అడగడానికి కుర్ర రైతు వచ్చాడు. తాత అరుగు మీద కాళ్లు వేలాడేసుకొని కూర్చున్నాడు. కుర్రవాడు కింద కూర్చొని, తాత కాలి ఎముక మీద బొటనవేలు ఆనించి కాసేపు నొక్కి పట్టాడు. వేలు తీస్తే అక్కడ గుంట పడింది. బురదలో ఎద్దు గిట్ట దిగినట్టు ఆ గుంట అట్లాగే ఉండిపోయింది.

“తాతా, నీళ్లు నిలిచినయి.”

“మాత్రలు ఏసుకుంటున్న గదరా.”

“అంటే తోడుతున్నవు.” కుర్రవాడి గొంతు వణికింది. “రెండు కాళ్లూ ఒక్కతీరుగ మునిగినయి. తప్పు కాళ్లది కాదు, నడిమిట్ల ఉన్నదానిదని నువ్వే గదా నాకు నేర్పినవు. ఊరందరి నీళ్ల ఎంట నడిచినవు. నీ నీళ్ల ఎంట ఎందుకు నడుస్తలేవు?”

తాత తన కాలి మీది గుంట వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అవ్వను పిలిచి, తువ్వాల ఇమ్మన్నాడు.

జిల్లా దవఖానలో డాక్టరమ్మ కాళ్లు నొక్కి చూసి, అక్కడ ఆగలేదు. మెడ పక్కన ఉబ్బిన నరం చూసింది. గుండె, ఊపిరితిత్తులు విన్నది. రాత్రి ఎన్ని దిండ్లు కావాలని అడిగింది. బరువు తూచింది. మూత్రం, రక్తం పరీక్షించి, ఈసీజీ, ఎకో తీయించింది. చివరికి చెప్పింది: “మూత్రపిండాలు బాగానే ఉన్నాయి, కాలేయం బాగానే ఉంది. గుండె కొట్టుకోవాల్సినంత బలంగా కొట్టుకోవడం లేదు. అది తోయలేని నీళ్లు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నాయి.”

“మోటరు,” అన్నాడు తాత మెల్లగా.

చీటీలో ఆ నీరు తీసే మాత్ర కూడా ఉంది. తాత అది గుర్తుపట్టాడు. దాని పక్కన గుండెకు ఆసరా ఇచ్చే మందులు ఉన్నాయి, ఉప్పు తగ్గించమనీ రోజూ పొద్దున్నే బరువు చూసుకొమ్మనీ రాసి ఉంది. అప్పుడు అర్థమైంది అతనికి. తోడడం తప్పు కాదు. తోడి, దారి చూడకుండా ఇంటికి పోవడం తప్పు.

లేవబోతూ తాత ఆగాడు. “అమ్మా, ఈమె ముఖం గూడ చూడు. పొద్దుగాల లేస్తే కండ్ల చుట్టూ ఉబ్బి ఉంటది. నా కోసం ఏడుస్తున్నదనుకున్న.”

అవ్వకు పదేళ్లుగా షుగరు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రోజూ మింగుతోంది. మూత్రం నురగ కడుతోందని ఎవరికీ చెప్పలేదు. పరీక్షలో మూత్రం నిండా ప్రొటీను కనిపించింది. షుగరు మూత్రపిండాల జల్లెడను పాడుచేస్తోంది, నొప్పి మాత్రలు వాటిని ఇంకా నలిపాయి. రక్తంలో నీళ్లను పట్టి ఉంచే ప్రొటీను బయటికి పోతుంటే, నీళ్లు నాళాల నుంచి ఊరి ముఖంలో చేరుతున్నాయి.

“బంకమట్టి కొట్టుకపోతున్నది,” అన్నాడు తాత. ఈసారి అతని కండ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొకరి చేను చెమ్మను పిడికిట్లో పట్టి చూసినవాడు, పక్కనే పడుకున్న మనిషి ముఖం చదవలేకపోయాడు.

ఇద్దరూ మందులు మొదలుపెట్టారు. అవ్వ నొప్పి మాత్రలు మానింది. యాసంగికి తూము ఎత్తింది కుర్ర రైతే, తాత కట్ట మీద కూర్చొని చెప్తుంటే. అప్పటినుంచి తెల్లవారి లేవగానే తాత మొదట అవ్వ ముఖం చూస్తాడు, తర్వాత తన కాలి ఎముక మీద వేలు నొక్కి చూసుకుంటాడు. ఆ తర్వాతే చెరువు వైపు చూస్తాడు.

నీతి: వాపును చూసి బలుపనుకోకు. నీళ్లు తోడి ఊరుకోకు. నీళ్లు వచ్చే దారి, పోయే దారి వెతుకు.

మన పెద్దలు వాపుకూ బలుపుకూ తేడా తెలుసుకోమని సామెతగా చెప్పిపెట్టారు. ఆ సామెతను మనం గొప్పలు పోయేవాళ్ల మీదే వాడుతున్నాం. అది మన ఒంటి మీద కూడా అక్షరాలా నిజం. తిండి చాలని పసివాడికి ముఖం గుండ్రంగా, పాదాలు బొద్దుగా కనిపిస్తే, బిడ్డ బాగున్నాడని మురిసిపోయిన తల్లులు ఉన్నారు. 1935లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ ప్రజల మాటతో ఆ జబ్బును క్వాషియార్కర్ అని లోకానికి చెప్పింది. తమ్ముడో చెల్లెలో పుట్టి తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బని ఆ మాటకు భావం. ఈనాటికీ పసిపిల్లల తీవ్ర పోషకాహార లోపాన్ని గుర్తించడానికి రెండు పాదాల మీదా వేలితో మూడు సెకన్లు నొక్కి చూస్తారు. రెండిటా గుంట నిలిస్తే, ఆ బొద్దుతనం వెనుక ఆకలి ఉండొచ్చన్నమాట.

తాత చెప్పిన బంకమట్టి పేరు ఆల్బుమిన్. తిన్న తిండి నుంచి దాన్ని తయారుచేసేది కాలేయం. దాన్ని జారిపోకుండా కాపాడేది మూత్రపిండాలు. తిండి లేకపోయినా, కాలేయం చెడినా, మూత్రపిండాల జల్లెడ చిరిగినా ఆ మట్టి తరిగిపోతుంది. పిల్లలకు కూడా పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బి, సాయంత్రానికి తగ్గుతుంటే నిద్రమత్తు అనుకోకుండా మూత్రం పరీక్ష చేయించాలి. పొట్ట ముందు ఉబ్బి, కళ్లు పచ్చబడితే కాలేయం వైపు చూడాలి. రెండు పాదాలు పొద్దుగూకే వేళకు ఉబ్బి, పడుకుంటే ఆయాసం వస్తే గుండె వైపు చూడాలి. నొక్కినా గుంట పడని వాపు, దానితోపాటు బద్ధకం, చలికి ఓర్వలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

ఒక్క కాలే వాచిందంటే దారి వేరు. పిక్కలో ఉన్నట్టుండి నొప్పి, వేడి, వాపు వస్తే, అందులోనూ ఆపరేషన్ తర్వాతో, చాలా రోజులు మంచాన ఉన్నాకో, దూర ప్రయాణం తర్వాతో వస్తే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కాలిని మర్దన చేయకూడదు, ఆ రోజే దవఖానకు పోవాలి. ఏండ్ల తరబడి నెమ్మదిగా పెరిగి చర్మం మొద్దుబారిందంటే అది బోదకాలు కావచ్చు. క్యూలెక్స్ దోమ తెచ్చిన పురుగు శోషరస నాళాల్లో చేరి, గుర్రపు డెక్కలా దారి మూసేస్తుంది. వ్యాధి ఉన్న చోట్ల ఇంటింటికీ తెచ్చిచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు బాగున్నవాళ్లు కూడా మింగేది అందుకే. కాలు ముదిరాక కూడా రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, పుండ్లు పడకుండా చూసుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి.

గర్భిణికి పాదాలు కొంచెం ఉబ్బడం మామూలే. ఐదో నెల దాటాక ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బి, తలనొప్పి, చూపు మసక వస్తే బీపీ చూపించడం ఆలస్యం చేయకూడదు. ఏదైనా తిన్నాకో, మందు వేసుకున్నాకో పెదవులు, నాలుక ఉబ్బి, గొంతు పట్టేస్తే అది నిమిషాల్లో దవఖానకు పోవాల్సిన ప్రయాణం. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా చీలమండలు ఉబ్బుతాయి. అప్పుడు మందు మనంతట మనం మానకూడదు, రాసిన డాక్టరుకు చెప్పాలి.

ప్రతి వాపూ ప్రమాదం కాదు. పొద్దంతా నిలబడి పనిచేసిన కాళ్లు ఉబ్బి, రాత్రి ఎత్తున పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తగ్గిపోతాయి. దెబ్బ తగిలిన చోట ఒళ్లే తన సైన్యాన్ని పంపి ఎర్రగా, వేడిగా వాచేలా చేస్తుంది. ప్రతి వాపుకూ భయపడాల్సింది లేదు, కానీ దాన్ని అడగాల్సిందే. ఒక వైపా, రెండు వైపులా? పొద్దున్నా, సాయంత్రమా? నొక్కితే గుంట పడుతోందా? ఏ మందులు వేసుకుంటున్నాం? ఈ నాలుగూ గుర్తుపెట్టుకొని వెళ్తే డాక్టరుకు సగం దారి చూపినట్టే.

రేపు పొద్దున లేవగానే మన ఇంట్లో పెద్దవాళ్ల ముఖం ఒకసారి చూద్దాం. కాళ్లు ఒకసారి నొక్కి చూద్దాం. వాళ్లు చెప్పుకోరు. నీళ్లు మాత్రం నిలిచిన చోటు చూపిస్తాయి. అక్కడి నుంచి నడవాల్సింది మనమే.