వెంబ్లీ మాది, బాకీ ఎవరిది?

2019 మార్చిలో ఇంగ్లండు హైకోర్టు ఒక ఫుట్‌బాల్ క్లబ్బును మూసేయమని ఉత్తర్వు ఇచ్చింది. కోర్టు దాకా వెళ్లిన బాకీ 8,000 పౌండ్లకు లోపే. ఆ క్లబ్బు పేరు నార్త్ ఫెరిబీ యునైటెడ్. హంబర్ నది ఉత్తరపు ఒడ్డున, హల్ నగరానికి పడమరగా, సుమారు నాలుగు వేల జనం ఉన్న ఊరు నార్త్ ఫెరిబీ. ఆ వేసవిలోనే అదే ఊళ్లో, అదే గ్రేంజ్ లేన్ మైదానంలో, అదే ఆకుపచ్చ చొక్కాలతో నార్త్ ఫెరిబీ ఎఫ్‌సీ అని మరో క్లబ్బు పుట్టింది. చనిపోయిన క్లబ్బే మళ్లీ పుట్టిందా, లేక పక్కింటి బిడ్డకు తాత పేరు పెట్టుకున్నారా? ఫుట్‌బాల్ వాళ్లకు ఇది మామూలు ప్రశ్న. ఇలాంటి వాటిని ఫీనిక్స్ క్లబ్బులంటారు, ఇంగ్లండులో డజన్ల కొద్దీ ఉన్నాయి. నన్ను మాత్రం ఈ ప్రశ్న వదలడం లేదు. దానికి రెండు కారణాలు. నేను హల్‌లో చేసేది మూతపడ్డ కంపెనీల లెక్కలు తేల్చే ఉద్యోగం. మా నాన్నగారేమో కోనసీమలో శివాలయం అర్చకులు.

ముందు క్లబ్బు సంగతి. 1934లో మొదలైంది, తొలిరోజుల్లో ఆడింది ఈస్ట్ రైడింగ్ చర్చి లీగ్‌లో. గుడి గంట వినిపించే దూరంలో పుట్టిన క్లబ్బన్న మాట. ఇంగ్లండులో పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులుంటాయి, వాటి కింద ఉన్నదంతా నాన్-లీగ్. అందులోనూ మెట్లున్నాయి. కింది మెట్ల మీద పోస్టుమన్లు, మేస్త్రీలు, బడిపంతుళ్లు వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీసు చేసి శనివారం ఆడతారు. ఫెరిబీ ఆ మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కింది. 1997లో చిన్న క్లబ్బుల పోటీ అయిన ఎఫ్‌ఏ వేజ్ ఫైనల్‌కు వెంబ్లీ వెళ్లి విట్బీ టౌన్ చేతిలో 3-0తో ఓడింది. 2015 మార్చి 29న ఎఫ్‌ఏ ట్రోఫీ ఫైనల్‌కు మళ్లీ వెంబ్లీ. ఎదుట రెక్సమ్. వెల్ష్ పట్టణం, పెద్ద పేరు, వేలల్లో అభిమానులు. మ్యాచ్ చివరి పావుగంటలోకి వస్తున్నప్పుడు ఫెరిబీ 2-0తో వెనకబడి ఉంది. లియాం కింగ్ పెనాల్టీ కొట్టాడు, రయాన్ కెండల్ సమం చేశాడు, అదనపు సమయంలో కెండలే మరొకటి కొట్టి 3-2 చేశాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా రెక్సమ్ 3-3 చేసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ ఆడమ్ నిక్లిన్ అడ్డం పడ్డాడు, 5-4తో కప్పు ఊరికొచ్చింది. ఆ స్టేడియంలో ఫెరిబీ ఊరు మొత్తాన్ని కూర్చోబెట్టినా ఒక మూల కూడా నిండదు.

మరుసటి ఏడు, 2016లో, నాన్-లీగ్‌లో అన్నిటికంటే పైదైన నేషనల్ లీగ్‌కు ఎక్కింది. ఇంకొక్క మెట్టు ఎక్కితే ఆ 92లో ఒకటి. ఎక్కడానికి ఎనభై రెండేళ్లు పట్టింది. దిగడానికి మూడేళ్లు చాలాయి. 2017లో ఒక మెట్టు, 2018లో ఇంకొకటి, 2019లో పట్టిక అడుగున ఉండగానే కోర్టు ఉత్తర్వు.

చివరి రోజుల్లో ఇంకో విచిత్రం జరిగింది. క్లబ్బు పేరును ఈస్ట్ హల్ అని మార్చి, డన్స్‌వెల్ అనే వేరే ఊరికి తరలిస్తామని యాజమాన్యం ప్రకటించింది. అంతలో కోర్టు మూసేసింది కాబట్టి అది జరగలేదు. జరిగి ఉంటే? కాగితాల ప్రకారం 1934 నాటి క్లబ్బు వేరే ఊళ్లో, వేరే పేరుతో, నిక్షేపంగా బతికి ఉండేది. ఫెరిబీలో మిగిలినవాళ్లు అదే మైదానంలో అదే రంగు చొక్కాలతో ఎంత ఆడినా కొత్తవాళ్లే అయ్యేవారు. మా వృత్తిలో ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కంపెనీ నమోదు సంఖ్య మారనంత కాలం కంపెనీ అదే. 1896లో సాలమన్ అనే చెప్పుల వ్యాపారి కేసులో లార్డ్స్ సభ తేల్చిన సూత్రం ఇప్పటికీ మా వేదం: కంపెనీ వేరు, దాన్ని నడిపే మనుషులు వేరు. అది తనంతట తానొక వ్యక్తి. అప్పు చేస్తుంది, దావా వేస్తుంది, చస్తుంది. చచ్చాక దాని అప్పు దానితోనే పోతుంది. పూచీలేని రుణదాతలు వరసలో చిట్టచివర నిలబడి, చాలాసార్లు ఖాళీ చేతులతో ఇంటికెళతారు. ఆ వరస తయారు చేసేది నాలాంటివాళ్లే.

ఈ ఊళ్లోనే పాత పడవల కథ ఒకటుంది. 1937లో ఫెరిబీ ఒడ్డున బురదలో టెడ్ రైట్ అనే కుర్రవాడికి, అతని అన్నకు కొయ్యపలకలు కనిపించాయి. తర్వాత తేలిందేమిటంటే, అవి సుమారు నాలుగు వేల ఏళ్ల నాటి పడవలవి. ఓక్ పలకల్ని మేకుల్లేకుండా యూ చెట్టు కొమ్మలతో కుట్టి కట్టారు. ఇలాంటి ఊళ్లో తత్త్వం మాట్లాడేవాళ్లు వెంటనే గ్రీకుల థీసియస్ ఓడను తెచ్చి పెడతారు. పలకలన్నీ ఒక్కొక్కటే మార్చేస్తే ఓడ అదేనా, కాదా అని. నాకు ఆ ఉదాహరణ ఎప్పుడూ అంతగా నచ్చలేదు. ఓడ ఎవరికీ బాకీ ఉండదు. కొయ్యకు తేల్చుకోవలసిన లెక్కేమీ లేదు కాబట్టి ఔనన్నా కాదన్నా చెల్లుతుంది. క్లబ్బు అలా కాదు. దానికి గొప్పలూ ఉన్నాయి, బాకీలూ ఉన్నాయి. అదేనా కాదా అన్న ప్రశ్న ఇక్కడ డబ్బు అడుగుతుంది.

మన తార్కికులు ఈ చిక్కును ఎప్పుడో పట్టుకున్నారు. క్షణక్షణం అంతా మారిపోతుంది, నిలిచే ఆత్మ లేదు అన్న బౌద్ధుల్ని నైయాయికులూ జైనులూ రెండు దోషాలతో నిలదీశారు. ఒకటి కృతనాశం: చేసినవాడే లేకుండా పోతే చేసిన కర్మ ఫలం లేకుండా పోతుంది. రెండోది అకృతాభ్యాగమం: చెయ్యనివాడికి ఫలం వచ్చి పడుతుంది. ఫెరిబీకి పెట్టి చూడండి. పాత క్లబ్బు వేరే అయితే, దాని అప్పు తీర్చవలసినవాడు మాయమయ్యాడు, అది కృతనాశం. అయినా వెంబ్లీ కప్పు మాదే అంటే, ఆడని ఆటకు ఫలం దక్కింది, అది అకృతాభ్యాగమం. ఒక్క క్లబ్బు రెండు దోషాల్నీ ఒకేసారి మోస్తోంది!

బౌద్ధుల దగ్గర జవాబు లేకపోలేదు. మిళిందపన్హలో నాగసేనుడు యవన రాజుకు మామిడిపళ్ల దొంగ సంగతి చెబుతాడు. నువ్వు పాతిన టెంకె వేరు, నేను కోసిన పండు వేరు, కాబట్టి నేను దొంగతనం చెయ్యలేదని వాదిస్తాడు దొంగ. కుదరదు, ఆ టెంకె వల్లనే ఈ పండు వచ్చింది కాబట్టి శిక్ష తప్పదు అని రాజుచేతనే అనిపిస్తాడు నాగసేనుడు. అదే కాదు, వేరూ కాదు. కానీ లెక్క మాత్రం తప్పదు. సాలమన్ కేసు చదివి పెరిగిన నా బుర్రకు ఇది మింగుడు పడడానికి చాలా కాలం పట్టింది. మా చట్టం టెంకెకూ పండుకూ మధ్య గోడ కడుతుంది. ఆ గోడ లేకపోతే వ్యాపారాలే జరగవని నేనూ నమ్ముతాను. అయితే గోడకు ఇవతల నిలబడి అవతలి చెట్టు నీడను అనుభవిస్తామంటే ఒప్పుకోవడం కష్టం.

గ్రేంజ్ లేన్ గేటు దగ్గర టికెట్లు చించే పెద్దాయనతో ఒక శనివారం ఈ మాటే అన్నాను. రెక్సమ్ మీద గెలిచిన రోజు ఆయన వెంబ్లీలో ఉన్నాడు. నా మాట పూర్తికాకుండానే, కంపెనీ ఎవడిదయ్యా, మేం ఎప్పుడైనా కంపెనీని చూడ్డానికి వచ్చామా, అన్నాడు. నేను లెక్కలవాణ్ణని తెలుసు కాబట్టి ఇంకో మాట కూడా అన్నాడు: మూడు మెట్లు కిందికి వెళ్లి మళ్లీ మొదలెట్టాం, అది లెక్కలోకి రాదా? నిజమే. మూతపడేనాటికి పాత క్లబ్బు నార్దర్న్ ప్రీమియర్ లీగ్‌లో ఉంది. కొత్తది నార్దర్న్ కౌంటీస్ ఈస్ట్ లీగ్ డివిజన్ వన్‌లో మొదలెట్టింది. వరస లెక్క ప్రకారం మూడు మెట్లు కింద. ఊరిపేరు నిలబెట్టుకోవాలంటే అక్కడి నుంచే మళ్లీ ఎక్కాలి. నాకు ఇది ప్రాయశ్చిత్తంలా తోస్తుంది. కానీ ప్రాయశ్చిత్తం ఎవరికి చెల్లింది? ఫుట్‌బాల్ సంఘానికి. బాకీవాడికి కాదు.

1991లో లండన్ అప్పీలు కోర్టు ఇచ్చిన ఒక తీర్పు నాకు ఇక్కడే గుర్తొస్తుంది. 1976లో తమిళనాడులోని పత్తూరు శిథిలాలయం దగ్గర మట్టి తవ్వుతుంటే కంచు నటరాజు బయటపడ్డాడు. చేతులు మారి మారి లండన్ చేరాడు, ఒక కెనడా కంపెనీ కొనుక్కుంది, పోలీసులు పట్టుకున్నారు. విగ్రహం మాది అని కోర్టుకెక్కినవాళ్లలో సాక్షాత్తు ఆ గుడి ఒకటి. పూజలు ఆగిపోయి, కట్టడం కూలిపోయి, చాలా కాలంగా మట్టిలో కలిసిన గుడి. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం అది వ్యక్తి, ఇంగ్లండు కోర్టులోనూ దావా వెయ్యగలదు అని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. నటరాజు ఇంటికెళ్లాడు. ఒకే దేశం న్యాయవ్యవస్థ. కూలిన గుడి బతికే ఉందని ఒకసారి అంది, శనివారం సాయంత్రం జనం నిలబడి కేకలేసే క్లబ్బు చచ్చిపోయిందని ఇంకోసారి అంది. రెండూ చట్టప్రకారం సరైనవే. దేవుడికి దివాలా లేదు, కంపెనీకి ఉంది.

దేవుడికి దివాలా లేకపోవచ్చు కానీ మరమ్మతు ఉంది. జీర్ణోద్ధారణ చేసేటప్పుడు మూలవిరాట్టులోని కళను ఆకర్షించి కుంభంలోకి తెస్తారు, బాలాలయంలో ఉంచి పూజిస్తారు, పని పూర్తయ్యాక తిరిగి ప్రతిష్ఠిస్తారు. యాదాద్రికి 2016 నుంచి 2022 మార్చి దాకా వెళ్లినవాళ్లకు బాలాలయం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కట్టడం లేకపోయినా, గోపురం లేకపోయినా దేవుడు ఒక్కరోజు కూడా లేకుండా పోలేదు. కుంభంలో నీళ్లు మారవచ్చు, అర్చకుడు మారవచ్చు, నైవేద్యం ఆగకూడదు. 2019 మార్చికీ ఆ ఆగస్టుకూ మధ్య ఫెరిబీ ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే, కొత్త లీగ్‌కు దరఖాస్తు రాసిన, గడ్డి కోయించిన, చొక్కాలకు చందాలడిగిన వాళ్ల దగ్గర ఉందంటాను. చర్చి లీగ్ కాలం నుంచీ ఆ పనులు చేసినవాళ్లు ఎవరో ఒకరు ఉంటూనే వచ్చారు.

ఈ ఆలోచన నాకు చాలా బాగా నచ్చి, ఫోనులో నాన్నగారికి చెప్పాను. కళాకర్షణం, కుంభం, చందాలు, అంతా వివరంగా. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. ఫుట్‌బాల్ ఆయనకు పట్టదు కానీ జీర్ణోద్ధారణ అంటే చెవులు నిక్కపొడుచుకుంటారు. మా గుడికి అది ఆయన హయాంలోనే జరిగింది.

"బాగానే ఉందిరా. మన గుడి పని మొదలుపెట్టేనాటికి దీపాల నూనె అప్పు ఆరు నెలలది ఉంది. స్వామి బాలాలయంలోకి వెళ్లాడు కదా, ఇక నాకు రావాల్సింది ఎవరిస్తారండీ అని నూనె కొట్టాయన వచ్చి అడిగాడు. స్వామి వెళితే బాకీ కూడా కుంభంలోకే వెళుతుందయ్యా అని చెప్పి, మొదటి హుండీ తెరిచిన రోజు ఇచ్చేశాం," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ వాళ్లు ఆ ఎనిమిది వేలూ ఇచ్చారా?" అన్నారు.

చట్టప్రకారం ఇవ్వక్కర్లేదని చెప్పాను. అది నేను అడగలేదురా, అన్నారు.