కదిపే ముందు కాసేపు చూడు

నాయనా,

ఆ ఇంట్లో ఫాల్స్ సీలింగ్ చుట్టూ వేసిన ఎల్‌ఈడీ స్ట్రిప్ వెలిగించిన అరగంటకి ఒకపక్క మినుక్కుమంటోందని, నువ్వు నిచ్చెనెక్కి చెయ్యి పెట్టగానే సర్దుకుందని చెప్పావు. మళ్లీ పిలిచేసరికి స్ట్రిప్ మార్చాలా, దానికి కరెంటిచ్చే డ్రైవర్ మార్చాలా అని అడుగుతున్నావు. రెండూ కొనకు. తప్పు దేనిదో ఇంకా తేలలేదు, ఆ ఇంటివాళ్ల డబ్బు ఊరికే పోతుంది.

ఉండుండి వచ్చే ఫాల్టు చెయ్యి తగిలితే మాయమవుతుంది. లూజుగా ఉన్న కనెక్టర్‌ని నువ్వు కాస్త నొక్కినా, వైరు పక్కకి జరిపినా, అది అప్పటికి అతుక్కుని మంచిదానిలా కనిపిస్తుంది. బాగుచేశాననుకుని నువ్వు దిగి వస్తావు. నిజానికి నువ్వు దాని ఆనవాలు చెరిపేశావు, అంతే.

ఈసారి వెళ్లినప్పుడు లైట్లు వేయించి కింద కూర్చో. ఇంటావిడని అడుగు: వానలప్పుడు ఎక్కువగా వస్తోందా, నీళ్ల మోటారు వేసినప్పుడా, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడా? రోజూ ఆ వెలుతుర్లో తిరిగే మనిషి ఆవిడ. ఆవిడ చెప్పేది శ్రద్ధగా విను, మధ్యలో అడ్డు తగలకు.

మినుకులో తీరు గమనించు. గడియారం కొట్టినట్టు ఒకే లెక్కన ఆరి వెలుగుతుంటే డ్రైవర్ తనని తాను కాపాడుకుంటోందన్నమాట. దాని మీద లోడు ఎక్కువైంది, లేదా ఎక్కడో షార్ట్ ఉంది. లెక్కాపత్రం లేకుండా మినుకుతుంటే జాయింటుని అనుమానించు. 12 వోల్టుల స్ట్రిప్‌లో మామూలుగా మూడేసి ఎల్‌ఈడీలు ఒక జట్టు. ఒక్క జట్టే ఆరిపోతుంటే తప్పు ఆ ముక్కలోనే ఉంది. ఒక చోటు దాటాక అవతలదంతా ఆరుతుంటే ఆ చోటే చూడు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు మూలమలుపు దగ్గర పెట్టిన క్లిప్పు కనెక్టర్ మీదే అనుమానం. వేడెక్కి సాగుతుంది, పట్టు వదులుతుంది, చల్లారి మళ్లీ తగులుతుంది. అరగంట తరవాతే ఎందుకు మొదలవుతోందో దీంతో సరిపోతుంది.

అనుమానం చాలదు, కొలవాలి. ఇక్కడే చాలామంది కుర్రాళ్లు మోసపోతారు. స్ట్రిప్ విడదీసి, ఖాళీ వైరు కొసల మధ్య మీటర్ పెడితే పన్నెండూ చూపిస్తుంది. మీటర్ లాగే కరెంటు నామమాత్రం, అంత కొంచెం కరెంటుకి చెడ్డ జాయింటు కూడా దారి ఇస్తుంది. అందుకని స్ట్రిప్ వెలుగుతుండగానే కొలువు. ప్లస్ లైన్‌లో క్లిప్పుకి ఈవల ఒక ప్రోబు, ఆవల ఒక ప్రోబు పెట్టు. జాయింటు మంచిదైతే దాదాపు సున్నా రావాలి. ఒక వోల్టు కనిపించిందనుకో, రెండు ఆంపియర్లు పారుతుంటే ఆ గింజంత చోట రెండు వాట్లు వేడిగా మారుతున్నాయి. మైనస్ లైన్‌లోనూ అలాగే చూడు. తేలాక క్లిప్పు తీసేసి, చిన్న వైరు ముక్కతో సోల్డర్ చేసి, స్లీవ్ వేడిచేసి బిగించు. ఇన్సులేషన్ టేపు చుట్టి వదలకు, మన ఎండలకి దాని జిగురు కరిగి జారిపోతుంది.

వైరు పొడవు కూడా చూసుకో. 60 వాట్ల స్ట్రిప్‌కి 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు కావాలి. పది మీటర్ల దూరం ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుతో లాగితే, రానూపోనూ కలిపి దారిలోనే సుమారు 1.8 వోల్టులు పోతాయి. కొస మసకగా ఉందని అప్పుడు స్ట్రిప్‌ని తిట్టి లాభం లేదు. మందం వైరు వెయ్యి, లేదా రెండో కొస నుంచి కూడా సప్లై ఇవ్వు.

డ్రైవర్‌ని జిప్సం బోర్డు పైన గాలాడకుండా పూడ్చేశారేమో చూడు. ఆ వేడికి లోపలి కెపాసిటర్ ఎండిపోతుంది. చెయ్యి అందే చోటికి తెప్పించు. పాత ఇళ్లలో హాలోజన్ దీపాలు తీసి అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: కొన్ని ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లు కనీసం 20 వాట్ల లోడు లేనిదే నిలకడగా పనిచేయవు. అక్కడ లైటు మార్చడం కాదు, ఎల్‌ఈడీ డ్రైవర్ పెట్టాలి.

పన్నెండు వోల్టులేగా అని మాత్రం ఎప్పుడూ అనుకోకు. షాక్ కొట్టకపోవచ్చు, కానీ లూజు జాయింటు ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. డ్రైవర్‌కి ఇంకోవైపు ఉన్నది 230. మూత తీసే ముందు ఎమ్‌సీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని అప్పుడు ముట్టుకో.

దొరకని రోజు దొరకలేదనే చెప్పు. "అమ్మా, ఈసారి మినుకు మొదలైతే ఆర్పకుండా నాకు ఫోన్ చెయ్యండి" అని నంబరిచ్చి రా. కాలిన వాసన వస్తే మాత్రం నీకోసం చూడకుండా వెంటనే ఎమ్‌సీబీ దించెయ్యమని మరీ మరీ చెప్పు.