అన్నవ్రతము

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి బ్రహ్మవిద్యను ఉపదేశించుచునే అన్నమును గూర్చి కొన్ని వ్రతములను విధించినది. అన్నమును నిందింపరాదు, త్రోసివేయరాదు, దానిని విస్తారముగ చేయవలెను, ఆశ్రయము కోరి వచ్చిన వానిని కాదనరాదు. ముముక్షువునకు వరిచేనుతో నేమి పని యని శంకించువారికి ఈ భాగమే చాలిన సమాధానము. అయితే మూడవ వ్రతము నేటి కాలమున నొక చిక్కును తెచ్చిపెట్టినది. అన్నమును విస్తరింపజేయుటయే ధర్మమైనచో, యంత్రములను, రసాయనపు టెరువులను, పురుగుమందులను ప్రయోగించి ఎకరమునకు అధికముగ పండించు పద్ధతియే ఆ ధర్మమునకు తగిన ఆచరణ కాదా? దానిని విడిచి, రెండెకరముల చెక్కలో పేడతో, ఆకుతో, కలగలుపు పైరులతో చవుడువారిన నేలను మరల బ్రతికింపబూనువాడు వ్రతమును పాటించుచున్నాడా, భంగపరచుచున్నాడా?

ఈ ప్రశ్నకు జంషెడ్‌పూరు కంటె తగిన చోటు దొరకుట కష్టము. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు తావున, సాక్చి యను పల్లె యున్నచోట, 1907లో ఏర్పడిన టాటా సంస్థ కర్మాగారమును నిర్మించినది. 1912లో ఉక్కు వెలువడినది. 1919లో ఆ యూరికి జంషెడ్‌జీ పేరు వచ్చినది. కొలిమిపని వెదకికొనుచు వెళ్లిన తెలుగువారు అచ్చట తరతరములుగ నివసించుచున్నారు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారు నెలకొల్పుకొన్నదే. అట్టి కుటుంబములో నొక గృహస్థు ఉద్యోగవిరమణానంతరము దల్మా కొండల దాపున చిన్న సేద్యము నారంభింపదలచెననుకొందము. ఆతని సంకల్పమును ఎట్లు తూచవలెను?

మొదట ఎదుటిపక్షము బలమును ఉన్నదున్నట్లు చెప్పవలెను. గాలిలోని నత్రజనిని అమోనియాగ మార్చు ఉపాయమును హేబర్ 1909లో ప్రదర్శించెను. 1913లో జర్మనీలో ఆ కర్మాగారము పనిచేయనారంభించినది. మన దేశమున, నేటి ఝార్ఖండులోనే, సింద్రీ యందు 1951లో ఎరువు తయారైనది. ఆ పిమ్మట పదునైదేండ్లకే, 1966-67లో, నాటి బీహారు క్షామమునకు గురియైనది. 1966లో దేశము కోటి టన్నుల మేర ధాన్యమును విదేశముల నుండి తెచ్చుకొనవలసి వచ్చినది. ఓడ వచ్చిననే గాని పొయ్యి వెలుగని స్థితి తప్పించిన వానిలో క్రొత్త వంగడములతో పాటు ఎరువుబస్తా కూడ నున్నది. కడుపు నిండినవాడు దానిని తూలనాడుట సులభము. శ్రీలంక ప్రభుత్వము 2021 ఏప్రిలులో రసాయనపు టెరువుల దిగుమతిని ఒక్క పెట్టున నిషేధించి, రైతులు వీథులకెక్కుట చూచి ఆ నవంబరులోనే వెనుకకు తీసికొనవలసి వచ్చినది. నేల శాసనములను చదువదు.

మరి ఆ గృహస్థు పక్షమున నేమున్నది? అదే ఉపనిషత్తు, అన్నమును విస్తారముగ చేయుమన్న వెంటనే, భూమియే అన్నమని చెప్పుచున్నది. ఈ వాక్యమును దాటి ముందునకు పోవువారే ఎక్కువ. భూమియు అన్నమేయైనచో గింజను పెంచి భూమిని తరుగజేయుట అన్నవృద్ధి యెట్లగును? ఒక చేతితో పోసి వేరొక చేతితో తోడుట యది. నేలలోని జీవాంశము, అనగా కుళ్లిన ఆకులు, వేళ్లు, కంటికి కానరాని కోటానుకోట్ల సూక్ష్మజీవులు, మట్టిని బొరియలుగల ముద్దగ నిలుపును. వాననీటిని పట్టి యుంచును. పోషకములను వేళ్లకు అందించును. ఎడతెగని దుక్కియు, ఒకే పైరును మరల మరల వేయుటయు, పేడ ముఖమెరుగని చేనికి ఉప్పుల నొక్కటియే చల్లుటయు ఈ సంపదను క్రమముగ హరించును. ఝార్ఖండులోని ఎర్రనేలలు చాలభాగము ఆమ్లగుణము గలవి, పలుచనివి. వానకు కొదవ లేదు గాని అది నాలుగు నెలలలో కురిసి కొండవాలున జారిపోవును. మెట్టభూమిలో మన్ను నీటిని పట్టకున్న ఏటికి ఒక్క వరిపంటయే గతి.

ఈ మార్గమునకు ఆధారము ఊహ మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశమున 2016 నుండి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయమును గ్రామగ్రామమున నడుపుచున్నది. బీజామృతము, జీవామృతము అటుంచి, తొలకరికి ముందే నవధాన్యములను పొడినేలలో చల్లి, నేలను ఎన్నడును బట్టలేని దేహమువలె విడువకుండుట అందలి ముఖ్యసూత్రము. స్త్రీల పొదుపు సంఘములు దీనికి వెన్నెముక. 2024లో గుల్బెంకియన్ బహుమానమును పంచుకొన్న మువ్వురిలో ఈ ఉద్యమమొకటి. ఆజ్ఞతో గాక, పొరుగు చేనును చూచి పొరుగువాడు నేర్చుకొనుటచే ఇది వ్యాపించినది. శ్రీలంకకును దీనికిని భేద మిచ్చటనే.

అయినను గృహస్థునకు కొన్ని విషయములలో జాగరూకత వలయును. ఆతని పార ఆ యూరి అగ్రికో శాలలో తయారైన ఉక్కుది కావచ్చును; ఆతని పెన్షను కొలిమిలో పుట్టినది. ఉక్కు చిట్టెములోని సున్నము సయితము ఆమ్లపు నేలలను సరిచేయుటకు ఉపకరించును. కనుక యంత్రయుగమును శపించుచు దాని వడ్డీపై బ్రతుకుట సత్యము కాదు. ఇక భూమి మాట. 1908 నాటి ఛోటానాగ్‌పూరు కౌలు చట్టము ఆదివాసి భూమి ఇతరుల పాలు గాకుండ కట్టుదిట్టము చేసినది. బినామీ పేరుతో సంపాదించిన చేనిలో ఎన్ని గంపల జీవామృతము పోసినను ఆ సేద్యము శుద్ధి కానేరదు.

ఆ చట్టము కాపాడుచున్న సంతాల, హో, భూమిజ జనులే ఆతనికి గురువులు. వారి మడువా శ్రీకాకుళపు చోడియే. గుందలీ మన సామ. కుర్థీ మన ఉలవ. సాలవృక్షము పూచినపుడు భూమిని పూజించుటయు, సొహరాయి పండుగనాడు పశువులను కడిగి పూజించుటయు వారికి వాడుక. ఆయన క్రొత్తగ ఆరంభించితిననుకొనుచున్నది వారు పూర్తిగ విడువనిదే. రాంచీ మొరాబాదిలో 1969లో వెలసిన దివ్యాయనము ఆ యువకులకే సేద్యము నేర్పుచున్నది.

ఇంకొక భేదమున్నది. నేల మరల కోలుకొనువరకు మొదటి రెండు మూడేండ్లు దిగుబడి తగ్గవచ్చును. గృహస్థునకు పెన్షను కలదు; ప్రక్కచేని రైతునకు లేదు, పైగా అప్పు కలదు. కాబట్టి ఎరువు మానుమని వానికి బోధించుటకు ముందు నష్టమును తానే భరించి చూపవలెను. విత్తనము నడిగిన యెడల ఈయవలెను. పండిన దానిలో నాలుగవ వ్రతమునకు కొంత మిగులవలెను. పట్టణపు ధనికులకు రెట్టింపు ధరకు అమ్మిన సామబియ్యమే ఆ చేని ఫలమంతయునైనచో, వాకిట నిలిచిన కూలివాడు సాయంత్రము చౌకదుకాణపు బియ్యమునే వండుకొనును. ఆ గింజ, ఎరువుబస్తా పండించినదే.